జనం హక్కు, బండి చప్పుడు

(స్మారక ధర్మనిధి ఉపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో మనం ఏటా ఇక్కడ కలుస్తున్నామో ఆయన జీవితమంతా ఊరేగింపుల కేసుల్లో ముద్దాయిల పక్షాన నిలబడ్డ న్యాయవాది. ఇవాళ నేను ఎత్తుకున్న విషయం వింటే మొదట అనుమానంగానే చూసేవారు. ట్రాఫిక్ నిబంధనల పేరు చెప్పి జనాన్ని రోడ్డెక్కనివ్వకుండా చేసే దారి ఏదో వెతుకుతున్నానని అనుకునేవారు. ఆ అనుమానం న్యాయమైనదే. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడతాను.

అనుమతి తీసుకోకుండా ఒక పెద్ద గుంపు వీధిలోకి వచ్చిందనుకోండి. రెండు మూడు వందల బైకులు. వాటిలో చాలావాటికి సైలెన్సర్ మార్చేశారు. వెనక ఒక మినీ లారీ, దాని మీద జనరేటర్, వరసగా పేర్చిన సౌండ్ బాక్సులు. కూడలిలో ఒక ఎస్.ఐ., నలుగురు కానిస్టేబుళ్లు. వాళ్లేం చేయాలి? మన దగ్గర ఎక్కువగా జరిగేవి రెండే. గుంపు పెద్దదైతే, వెనక ఎవరో ఉన్నారని తెలిస్తే చూసీ చూడనట్టు ఊరుకుంటారు. పైనుంచి మాట వస్తే లాఠీలు లేస్తాయి, మర్నాడు మొత్తం సభల మీదే నిషేధం వస్తుంది. ఈ రెంటికీ నడుమ పెద్ద ఖాళీ ఉంది. మోటారు వాహనాల చట్టం, శబ్ద కాలుష్య నిబంధనలు వంటి చిన్న చట్టాలు పనిచేయవలసిన చోటు అది. వాటిని వేళకు, అందరి మీదా ఒకేలా అమలు చేస్తే పెద్ద అధికారాల అవసరం చాలాసార్లు రాదు. అమలు చేయకపోతే గోటితో పోయేది గొడ్డలిదాకా వస్తుంది, ఆ గొడ్డలి పడేది జనం హక్కు మీద. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

దీనికి ఇటీవలి కాలంలో దొరికే అతి పెద్ద ఉదాహరణ కెనడా రాజధాని అట్టావాలో ఉంది. 2022 జనవరి చివరి వారంలో కోవిడ్ టీకా నిబంధనలను వ్యతిరేకిస్తూ వందల ట్రక్కులు ఆ నగరం నడిబొడ్డుకు చేరాయి. పార్లమెంటు ఎదుట వెల్లింగ్టన్ వీధిలో బారులు తీరి నిలిచాయి. వారాంతం గడిస్తే వెళ్లిపోతారని పోలీసులు నమ్మి, అంతంత పెద్ద వాహనాలను నగరం మధ్యలోకి రానిచ్చారు. వాళ్లు వెళ్లలేదు. పెద్ద ట్రక్కులకు ఉండే ఎయిర్ హారన్లు, కొన్నిటికి బిగించిన రైలు హారన్లు పగలూ రాత్రీ మోగాయి. ఆ వీధుల పక్కనే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాటిలో వృద్ధులున్నారు, పసిపిల్లలున్నారు, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోవలసిన వాళ్లున్నారు. ఆ నగరానికి శబ్దం మీద సొంత నిబంధనలు ఉన్నాయి. ఇంజన్ ఆన్ చేసి బండిని ఊరికే నిలబెట్టకూడదన్న నియమమూ ఉంది. అయినా ఆ తొలి రోజుల్లో వాటిని గట్టిగా అమలు చేసే సాహసం ఎవరూ చేయలేకపోయారు. గుంపు మధ్యలోకి వెళ్లి టికెట్ రాయడానికి సిబ్బందే జంకారు. బళ్లను లాగించుకుపోదామంటే టోయింగ్ కంపెనీలు ముందుకు రాలేదు.

చివరికి ఆ వీధుల్లో ఉండే ఒక యువతి, ఒక సామాన్య ఉద్యోగిని, కోర్టుకెళ్లింది. ఫిబ్రవరి 7న అంటారియో సుపీరియర్ కోర్టు న్యాయమూర్తి హ్యూ మెక్‌లీన్ నగర మధ్య భాగంలో ఎయిర్ హారన్లు, రైలు హారన్లు మోగించరాదని పది రోజుల తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. నిరసనను ఆయన ఆపలేదు. ట్రక్కులను వెళ్లిపొమ్మనలేదు. నినాదాలు, ప్లకార్డులు, ప్రసంగాలు అన్నీ యథాతథంగా సాగనిచ్చారు. హారన్ మోగించడం ఏ గొప్ప ఆలోచననూ వ్యక్తం చేయదని, పక్కింటివాళ్ల నిద్రకు మాత్రం దానివల్ల హాని జరుగుతోందని భావించారు. ఆ ఉత్తర్వుతో చప్పుడు తగ్గింది. పోలీసు బలగం చేయలేని పనిని ఒక చిన్న ఉత్తర్వు కొంతవరకు చేసింది.

అప్పటికే ఆలస్యమైంది. ఫిబ్రవరి 6న నగరం, 11న రాష్ట్రం అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. 14న కేంద్రం 1988 నాటి అత్యవసర పరిస్థితుల చట్టాన్ని, అది వచ్చాక మొదటిసారిగా, ప్రయోగించింది. దాని కింద బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారు. 18 నుంచి 20 వరకు పోలీసులు వీధులు ఖాళీ చేయించారు. తర్వాత విచారణ జరిపిన జస్టిస్ పాల్ రూలో కమిషన్ 2023 ఫిబ్రవరిలో నివేదిక ఇస్తూ, పోలీసు వైఫల్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి పరిస్థితి అక్కడిదాకా వచ్చిందని తేల్చింది. ఆ చట్టాన్ని ప్రయోగించడానికి కావలసిన పరిస్థితి ఉందని అయిష్టంగానే ఒప్పుకుంది. మరుసటి ఏడాది జనవరిలో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి రిచర్డ్ మోస్లీ దానికి భిన్నంగా, ఆ ప్రయోగం సహేతుకం కాదన్నారు. ఈ రెండు అభిప్రాయాల్లో ఏది సరైనదన్న చర్చలోకి నేను వెళ్లను. మొదటి రాత్రే హారన్ల మీద, ఇంజన్ల మీద, పార్కింగ్ మీద ఉన్న మామూలు నియమాలు అమలైతే ఈ చర్చే వచ్చేది కాదన్నది నాకు ముఖ్యం.

ఇక మన ఇంటి సంగతి.

2022 డిసెంబరు 28న నెల్లూరు జిల్లా కందుకూరులో ఒక రోడ్ షోలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఇరుకు కూడలి, పక్కన మురుగు కాలువ, పట్టలేనంత జనం. నాలుగు రోజుల తర్వాత, 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ సభలో మరో ముగ్గురు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. మర్నాడే రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీదే కాక మునిసిపల్, పంచాయతీ రోడ్ల మీద కూడా సభలకు అనుమతి అరుదైన సందర్భాల్లో తప్ప ఇవ్వకూడదన్నది దాని సారాంశం. అదే ఏడాది మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

ఆ తీర్పు వెనక అర్ధ శతాబ్దపు న్యాయం ఉంది. అహ్మదాబాద్ వీధిలో సభ పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వలేదని హిమత్‌లాల్ షా వేసిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1972లోనే చెప్పింది: వీధిలో సభలను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు గానీ, ఏ మార్గదర్శకమూ లేని అధికారాన్ని పోలీసు అధికారి చేతిలో పెట్టి మొత్తానికే మూసేయకూడదు. రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు ఇచ్చింది. 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ ఆ గుమికూడటానికి దారి, వేళ నిర్ణయించే అధికారం పోలీసులకు ఇచ్చింది. పండగల్లో, ఉత్సవాల్లో వీధిలో సంగీతం ఎంతవరకు ఉండాలో నిర్ణయించే అధికారాన్నీ అదే సెక్షన్ ఇచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత వలస పాలకులు రాసిన చట్టం కూడా ఊరేగింపు ఉంటుందని ఒప్పుకునే, దాని తీరును గురించి మాట్లాడింది.

ఇక్కడ మన వ్యవస్థలో బాగా పాతుకుపోయిన ఒక పొరపాటు గురించి చెప్పాలి. అనుమతి లేదు కాబట్టి అది చట్టవిరుద్ధ సమూహం అని స్టేషన్లో రాసేస్తారు. చట్టం అలా అనదు. భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షన్ ప్రకారం ఐదుగురు లేదా అంతకు మించిన వాళ్లు ఆ సెక్షన్లో చెప్పిన నేరపూరిత ఉద్దేశాల్లో ఏదో ఒకదానితో గుమికూడాలి. అనుమతి కాగితం లేకపోవడం ఆ ఉద్దేశాల్లో లేదు. ఆవేశంతో, సంతోషంతో, దుఃఖంతో అప్పటికప్పుడు రోడ్డు మీదికి వచ్చిన జనం అనుమతి అడగలేరు. ప్రపంచ కప్ గెలిచిన 2024 జూన్ 29 రాత్రి దేశమంతా వీధుల్లోనే ఉంది. ఏ కమిషనర్ దగ్గరికి ఎవరు దరఖాస్తు పెట్టి ఉంటారు?

అలాగే అనుమతి ఉంది కాబట్టి చప్పుడు చేసుకోవచ్చన్నదీ అంతే పొరపాటు. హైదరాబాద్ గణేశ్ నిమజ్జనం ప్రధాన ఊరేగింపు బాలాపూర్ నుంచి చార్మినార్, అఫ్జల్‌గంజ్, మొజంజాహి మార్కెట్ మీదుగా ట్యాంక్ బండ్‌కు వస్తుంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించదగిన ప్రాంతం. అక్కడి పరిమితి పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్. అనుమతి ఉన్న ఊరేగింపు కూడా ఆ వంద మీటర్లలో డప్పు ఆపి నడవాలి. ఏ మతం ఊరేగింపు అయినా, ఏ పార్టీ ర్యాలీ అయినా లోపల పడకల మీద ఉన్న రోగికి తేడా ఏముంది? హైదరాబాద్ పోలీసులు మత పెద్దలందరితో మాట్లాడాక 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, బాణసంచాను నిషేధించారు. నిషేధం అన్న మాట నాకు ఇష్టం లేకపోయినా, అది ఊరేగింపు మీద కాక యంత్రం మీద పడిన నిషేధం, పైగా అన్ని మతాలకూ ఒకటే. ఆ మేరకు దాన్ని స్వాగతిస్తాను.

చప్పుడు విషయంలో లెక్క తెలుసుకోకుండా చట్టం అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఇంజన్లో ప్రతి పేలుడు తర్వాతా మండిన వాయువు ఒక్క ఉదుటున గొట్టంలోకి తోసుకొస్తుంది. సైలెన్సర్ లోపలి గదులు, రేకు అడ్డాలు ఆ ఉదుటును విరిచి పలచన చేస్తాయి. ఆ అడ్డాలు తీసేస్తే ఉదుటు నేరుగా మన చెవికి తగులుతుంది. నడుస్తున్న బండికి తాళం తిప్పి ఆపి మళ్లీ వేస్తే, మండని పెట్రోలు వేడి గొట్టంలో అంటుకుని తుపాకీ పేలినట్టు ఫట్టుమంటుంది. కుర్రాళ్లు బుల్లెట్ మీద చేసే విద్య అదే. మన దేశంలో తయారీ దశలోనే బైకుకు పరిమితి ఉంది. 80 సీసీ వరకు 75, అక్కడి నుంచి 175 సీసీ వరకు 77, ఆ పైన 80 డెసిబెల్స్. ఏడున్నర మీటర్ల దూరంలో కొలుస్తారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి బండికీ సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. శబ్ద ప్రమాణాలను మీరి నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. చలానా ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

అయితే డెసిబెల్స్ మామూలు కూడికలా కలవవు. శబ్దశక్తి రెట్టింపైతే 3 పెరుగుతుంది, పదింతలైతే 10 పెరుగుతుంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు చప్పుడుగా తోస్తుంది. ఇప్పుడు చూడండి. ఒక్కొక్కటి 77 దగ్గర నిలిచే, ఏ తప్పూ లేని పది బైకులు ఒకే దూరంలో కలిసి మోగితే 87. వంద బైకులైతే 97. వీధిలో బళ్లు ఒకే దూరంలో ఉండవు కాబట్టి నిజంగా వచ్చే అంకె తగ్గుతుంది, కానీ విషయం అర్థమవుతోంది కదా. ప్రతి బండీ చట్టాన్ని పాటించినా గుంపు పాటించకపోవచ్చు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55, వ్యాపార ప్రాంతంలో 65. ఒక్కో బండిని చూసే మోటారు వాహనాల చట్టం ఒక్కటే సరిపోదని, పరిసరాలను చూసే 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు కూడా కావాలని అందుకే అంటున్నాను.

ఆ నిబంధనల దగ్గరే ఒక చిక్కు ఉంది. వాటిని అమలు చేసే అధికారి కలెక్టరో, పోలీసు కమిషనరో, కనీసం డీఎస్పీ హోదా ఉన్నవారో కావాలి. కూడలిలో నిలబడ్డ ఎస్.ఐ.కి ఆ అధికారం లేదు. ఆయన చేతిలో ఉన్నది మోటారు వాహనాల చట్టం మాత్రమే. అంటే బైకు కుర్రాడిని పట్టుకోగలడు, లారీ మీది సౌండ్ బాక్సుల జోలికి నేరుగా పోలేడు. ఫలితంగా సెకండ్ హ్యాండ్ బండి మీద వచ్చిన పేద పిల్లాడికి చలానా పడుతుంది, అద్దెకు సౌండ్ తెప్పించిన పెద్దమనిషి ముందు సీట్లో కూర్చుని వెళ్లిపోతాడు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఆ లారీకి కూడా చట్టంలో దారి ఉంది. సరుకు రవాణా బండి స్వరూపం మార్చడం 52వ సెక్షన్‌కు విరుద్ధం, 182-ఎ కింద శిక్షార్హం. రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్ స్పీకర్ వాడకూడదని శబ్ద నిబంధనల్లో ఐదోది చెబుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట మామూలుగా వాడకూడదు. కావలసింది ఆ రోజు, ఆ కూడలికి ఒక డీఎస్పీని, ఒక శబ్దమాపకాన్ని పంపడం.

2005 జులై 18న శబ్ద కాలుష్యం మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఈ సందర్భంలో స్మరించాలి. ఒక పదమూడేళ్ల బాలిక మీద అఘాయిత్యం జరుగుతుంటే ఆమె కేకలు ఇరుగుపొరుగున మోగుతున్న పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ వార్త చదివి ఒక ఇంజనీరు కోర్టు తలుపు తట్టారు. జస్టిస్ లాహోటీ రాసిన ఆ తీర్పు, మాట్లాడే హక్కు ఉన్నవాడికి యంత్రంతో ఆ మాటను ఎదుటివాడి చెవిలోకి బలవంతంగా దూర్చే హక్కు లేదని స్పష్టం చేసింది. పరిమితి మించిన సౌండ్ పరికరాలను జప్తు చేసే ఏర్పాటు రాష్ట్రాలు చేసుకోవాలనీ ఆదేశించింది. మాటకూ దాన్ని మోసే యంత్రానికీ మధ్య కోర్టు గీసిన ఆ గీత మీదే నా వాదన నిలబడుతుంది. జనాన్ని ఆపకండి. జనం తెచ్చిన యంత్రాన్ని కొలవండి.

సాధ్యమేనా అంటారేమో. సాధ్యమని మనమే ఎన్నికల్లో చూపించాం. ప్రచారంలో రాత్రి పది కొట్టగానే ఎంత పెద్ద నాయకుడైనా వ్యాన్ మీద నిలబడి మైకు పక్కన పెట్టి, చేతులు జోడించి, సైగలతో ముందుకు సాగిన దృశ్యం మన రోడ్ షోల్లో అందరూ చూసిందే. ఎదురుగా వేల మంది జనం. ఒక్క మాటా వినపడదు. అయినా సభ చెడలేదు, హక్కు పోలేదు. అంతటివాళ్లు మైకు ఎందుకు వదిలారు? నియమం అందరికీ ఒకటేనని, పక్కన వీడియో తీస్తున్న మనిషి ఉన్నాడని, ప్రత్యర్థికీ అదే వేళ వర్తిస్తుందని తెలుసు కాబట్టి. ఎన్నికల కోడ్ ముగిసిన మర్నాడు అదే నాయకుడి విజయోత్సవ ర్యాలీలో అర్ధరాత్రి దాకా డీజే మోగితే, మారింది చట్టం కాదు. పక్కన వీడియో తీసే మనిషి లేడు.

ఇప్పుడు ధర్మనిధి పెద్దాయన అనుమానం దగ్గరికి వస్తాను. చిన్న చట్టం ప్రమాదకరం కాదా? అవుతుంది, ఒకరి మీదే వాడినప్పుడు. అధికారంలో ఉన్నవాళ్ల ర్యాలీకి ముందు పైలట్ వాహనం, వ్యతిరేకుల ర్యాలీ అయితే ప్రతి బండికీ చలానా, హెల్మెట్ లేదనీ నంబర్ ప్లేట్ వంకరగా ఉందనీ జరిమానా. ప్రభుత్వాలు మారినా ఈ అలవాటు మారడం నేను చూడలేదు. ఇలాంటి అమలు లాఠీ కంటే హీనం. లాఠీ దెబ్బ కనపడుతుంది, ప్రశ్నించవచ్చు. చలానా మాత్రం చట్టం ముసుగు వేసుకుని వస్తుంది. అందుకే నేను అడిగేది శబ్దం, వేగం, ప్రమాదకర డ్రైవింగ్, అంబులెన్స్‌కు దారి, ఈ నాలుగింటి మీదే అమలు. జెండా రంగు అడగవద్దు. సమావేశం జరుగుతుండగా చిన్న కాగితాల తప్పులు వెతకవద్దు.

అమలు తీరు గురించి కూడా చెప్పాలి. గుంపు నడిమధ్యన బైకును వెంబడించడం పోలీసుకూ కుర్రాడికీ చుట్టుపక్కల వాళ్లకూ ప్రాణాపాయం. బళ్లు వచ్చే దారుల్లో, జనం ఇంకా చిక్కబడకముందే ఆపి చూడాలి. సైలెన్సర్ మార్చిన బండిని అక్కడే పక్కన పెట్టించి, మనిషిని నడిచి వెళ్లనివ్వాలి. ఆ ఒక్క పనితో హక్కు, నియమం రెండూ నిలుస్తాయి. లోపలికి వచ్చేసిన బండిని కెమెరాతో తీసి, తర్వాత నోటీసు పంపాలి. పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించడం మన నగరాల్లో పోలీసులు చేస్తున్న పని. ఫొటోకు బాగుంటుంది, కొందరికి భయమూ కలుగుతుంది. కానీ అలాంటి సైలెన్సర్లు బహిరంగంగా అమ్మే దుకాణాల మీద, బిగించే మెకానిక్ షెడ్ల మీద అదే శ్రద్ధ కనపడదు. వారాంతపు రాత్రుళ్లు విశాఖ బీచ్ రోడ్డులోనూ, హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోనూ వినపడే చప్పుడు అక్కడే తయారవుతోంది.

నిర్వాహకులకూ ఒక మాట. ఉద్యమాలు నడిపే మిత్రులు ఈ సభలో కొందరున్నారు. మీ గొంతు వినపడాలంటే హారన్ ఆపండి. అట్టావాలో ట్రక్కులవాళ్లు ఏం కోరుతున్నారో వినడానికి సిద్ధంగా ఉన్న పౌరులు కూడా నిద్రలేని వారం గడిచాక వాళ్లకు శత్రువులయ్యారు. ఆసుపత్రి ముందు మౌనంగా నడవండి. అంబులెన్స్‌కు దారి వదలడానికి మీలోనే నలుగురిని నిలబెట్టండి. పోలీసు కొలిచేలోగా మీరే కొలవండి.

చివరగా ప్రభుత్వాన్ని కోరేది ఒకటుంది. ప్రతి పెద్ద ఊరేగింపు, ర్యాలీ, విజయోత్సవం జరిగిన వారంలోగా, దానికి అనుమతి ఉన్నా లేకున్నా, ఏ కూడలిలో ఏ వేళ ఎన్ని డెసిబెల్స్ నమోదయ్యాయో, ఎన్ని బళ్లకు శబ్దం మీద కేసు పెట్టారో, ఎన్ని సౌండ్ లారీలను ఆపారో, నిర్వాహకుల మీద ఏ చర్య తీసుకున్నారో కమిషనరేట్లు, జిల్లా పోలీసు కార్యాలయాలు బహిరంగంగా ప్రకటించాలి. పార్టీలవారీగా, సంఘాలవారీగా ఆ పట్టిక పక్కపక్కన పెట్టి చూసే వీలు పౌరుడికి ఉండాలి. ధర్మనిధి నిర్వాహకులు ఒప్పుకుంటే ఈ డిమాండును సభ తీర్మానంగా రెండు తెలుగు రాష్ట్రాల హోంశాఖలకూ పంపాలని ప్రతిపాదిస్తున్నాను.